కనురెప్పల ఆపరేషన్ తర్వాత మచ్చ కనిపిస్తుంటే ఏం చేయాలి?

కనురెప్పల ఆపరేషన్ అయిన వాళ్ళకి మొదటి వారం అంత టెన్షన్ ఉండదు. వాపు వస్తుందని, కళ్ళ చుట్టూ కమిలి నల్లగా ఉంటుందని డాక్టర్ ముందే చెప్పి ఉంటారు కాబట్టి మనసు సిద్ధపడి ఉంటుంది. అసలు బెంగ నెల దాటాక మొదలవుతుంది. కుట్లు తీసేశారు, వాపు దిగిపోయింది, ఆఫీసుకు వెళ్ళడం కూడా మొదలుపెట్టారు. రెప్ప మీద గీత మాత్రం తగ్గకపోగా ఇంకాస్త ఎర్రబడినట్టు కనిపిస్తుంది. వేలితో తడిమితే గట్టిగా తగులుతుంది. కళ్ళు మూసుకుంటే ఎదుటివాళ్ళ చూపు అక్కడికే పోతోందని అనిపిస్తుంది.

సరిగ్గా ఈ సమయంలోనే చాలామంది కంగారుపడి చేయకూడని పనులు చేస్తారు. మందుల షాపులో అడిగి ఏదో ఒక ట్యూబ్ తెచ్చుకుంటారు. విటమిన్ ఇ క్యాప్సూల్ చిదిమి రాస్తారు. ఎక్కడో లేజర్ చేస్తారని తెలిసి అపాయింట్‌మెంట్ తీసుకుంటారు. అలా చేసేముందు రెండు విషయాలు తెలుసుకోండి: మీ మచ్చ ఎన్ని వారాలది, అది ఏ రకం మచ్చ. ఎర్రగా ఉన్నదానికి పనికొచ్చే చికిత్స నల్లబడినదానికి పనికిరాదు. చర్మం లాగేస్తున్న మచ్చకి క్రీములేవీ పనిచేయవు.

ముందు వారాలు లెక్కపెట్టండి

గాయం మానడం పైకి కనిపించినంత త్వరగా అయిపోదు. చర్మం అతుక్కోవడానికి వారం చాలు. ఆ తర్వాత లోపల శరీరం కొత్త రక్తనాళాలను, కొల్లాజెన్ అనే పోగులను పెద్ద ఎత్తున తయారుచేస్తుంది. నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకా మచ్చ ఎర్రగా, గట్టిగా, ఒక్కోసారి దురదగా ఉండటానికి కారణం ఇదే. అంటే మీకు ఘోరంగా కనిపిస్తున్న రోజుల్లోనే లోపల పని ముమ్మరంగా సాగుతోందన్నమాట. ఆ తర్వాత అదనపు రక్తనాళాలు తగ్గిపోతాయి, పోగులు సర్దుకుంటాయి, గీత మెత్తబడుతుంది, రంగు చర్మంలో కలుస్తుంది. ఇదంతా పూర్తవడానికి ఏడాది, కొందరికి ఏడాదిన్నర పడుతుంది.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. మూడో వారానికి ఆ గాయపు బలం మామూలు చర్మం బలంలో ఐదో వంతు దగ్గరే ఉంటుంది. పూర్తిగా మానాక కూడా 80 శాతం దాటదు. అందుకే మూడో వారంలో దురద పుట్టినప్పుడు కన్ను గట్టిగా నలపడం అంత చెడ్డ పని.

అదృష్టం ఏమిటంటే, శరీరం మొత్తంలో అతి పలుచని చర్మం కనురెప్పదే. మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, రక్తప్రసరణ మాత్రం బాగా ఉంటుంది. కాబట్టి ఇక్కడి గాయాలు మిగతా చోట్ల కంటే బాగా మానతాయి. ఛాతీ మీద, భుజం మీద, చెవి తమ్మె దగ్గర కీలాయిడ్ (గాయం హద్దు దాటి ఉబ్బి పెరిగే మచ్చ) పెరిగే తత్వం ఉన్నవాళ్ళకి కూడా రెప్ప మీద కీలాయిడ్ రావడం చాలా అరుదు. చిన్నప్పటి టీకా గుర్తు ఉబ్బి పెరిగిన వాళ్ళు, చెవి కుట్టించుకుంటే కాయ కట్టిన వాళ్ళు ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. భయపడి నిద్ర మానుకోవాల్సిన పని మాత్రం లేదు.

గీత ఎక్కడ ఉందో చూసుకోండి

పై రెప్ప ఆపరేషన్‌లో కోత రెప్ప మడతలోనే పెడతారు. కళ్ళు తెరిచి ఉన్నప్పుడు అది మడతలో దాగిపోతుంది, మూస్తే కనిపిస్తుంది. కంటి బయటి మూల దాటి చెంప వైపు కొంచెం పొడిగించిన భాగం ఉంటే అదే ఎక్కువకాలం కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడి చర్మం రెప్ప చర్మం కంటే మందం. చాలామంది ఫిర్యాదు చేసేది కూడా ఈ ఒక్క సెంటీమీటరు ముక్క గురించే.

కింది రెప్పకు రెండు పద్ధతులు ఉన్నాయి. వెంట్రుకల కిందుగా బయటి నుంచి కోత పెడితే సన్నటి గీత మిగులుతుంది. రెప్ప లోపలి వైపు నుంచి చేస్తే బయట మచ్చే ఉండదు. రెప్ప వాలిపోయిన పిల్లలకు దాన్ని పైకి ఎత్తి పట్టే స్లింగ్ వేసినప్పుడు కనుబొమ్మ పైన చిన్న చిన్న గాట్లు ఉంటాయి. కంట్లో నీరు కారే సమస్యకి బయటి నుంచి చేసే డీసీఆర్ ఆపరేషన్‌లో గీత ముక్కు పక్కన ఉంటుంది. కింద చెప్పే జాగ్రత్తలు ఈ మచ్చలన్నిటికీ దాదాపు వర్తిస్తాయి. పిల్లల విషయంలో మాత్రం ప్రతిదీ డాక్టర్‌ని అడిగే చేయండి.

ఫొటోలు తీసి పెట్టుకోండి

ఇది చిన్న పనిలా అనిపిస్తుంది కానీ దీన్ని మించిన మందు నాకు తెలియదు. రోజూ అద్దంలో చూసుకునేవాళ్ళకి మార్పు కనిపించదు. నెలకో రెండుసార్లు, ఒకే కిటికీ పక్కన, ఒకే సమయంలో, ఫ్లాష్ లేకుండా, ఫిల్టర్ లేకుండా తీయండి. ఫోన్ చేతికందే దూరంలో ఉండాలి. నాలుగు ఫొటోలు చాలు: కళ్ళు తెరిచి ఎదురుగా ఒకటి, నెమ్మదిగా మూసి ఒకటి, కిందికి చూస్తూ ఒకటి, బయటి మూల కనిపించేలా పక్క నుంచి ఒకటి. ఫొటోను జూమ్ చేసి చూడకండి. మీతో మాట్లాడేవాళ్ళు అంత దగ్గరికి వచ్చి చూడరు.

మా పిన్నికి రెండు పై రెప్పలకీ ఆపరేషన్ అయినప్పుడు ఆరో వారంలో కుడి కన్ను మూల గులాబీ రంగులో స్పష్టంగా కనిపించేది. పేరంటాలకు వెళ్ళడం కూడా మానేసింది. తర్వాత ఏడాది నిండాక తీసిన ఫొటో పక్కన పెట్టి చూస్తే, ఆ గీత ఎక్కడుందో తెలిసినవాళ్ళు వెతికితే తప్ప దొరకలేదు. మధ్యలో చేసింది ఎండ నుంచి కాపాడుకోవడం, సిలికోన్ జెల్, ఓపిక. అందరికీ ఇంత బాగా మానుతుందని చెప్పను కానీ, ఆరో వారం ముఖం చూసి ఏడాది తర్వాతి ముఖాన్ని ఊహించుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పగలను.

డాక్టర్‌కి కూడా ఈ ఫొటోలు చాలా ఉపయోగపడతాయి. "ఇంతకుముందు ఇంకా బాగుండేది డాక్టర్ గారూ" అని మాటల్లో చెప్పేకంటే చూపించడం మేలు.

మొదటి రెండు వారాలు

ఈ రెండు వారాల్లో మచ్చ కోసం ప్రత్యేకంగా చేసేదేమీ లేదు, గాయాన్ని శుభ్రంగా ఉంచడమే. డాక్టర్ ఇచ్చిన చుక్కల మందు, ఆయింట్‌మెంట్ చెప్పినన్ని రోజులు వాడండి. తల కింద రెండు దిండ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకోండి. మొదటి రెండు రోజులు శుభ్రమైన గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాక్‌తో మెత్తగా చల్లదనం పెట్టండి. తలస్నానం ఎప్పుడు చేయొచ్చో అడిగి తెలుసుకోండి. కుట్లు సాధారణంగా 5 నుంచి 7 రోజుల్లో తీస్తారు. ఊరు దూరమనో, పండగ వచ్చిందనో ఈ తేదీ దాటనివ్వకండి. కుట్లు ఎక్కువ రోజులు ఉండిపోతే దారం దూరిన చోటల్లా చుక్కల్లా గుర్తులు మిగులుతాయి, తెల్లటి గింజలు కట్టే అవకాశం కూడా పెరుగుతుంది. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో సెలవు మీద వచ్చి ఇక్కడ ఆపరేషన్ చేయించుకునేవాళ్ళు కుట్లు తీయించుకుని, ఒకసారి చూపించుకున్నాకే తిరుగు టికెట్ పెట్టుకోండి.

తిండి గురించి ఒక మాట. మన ఇళ్ళలో కుట్లు పడితే చాలు, పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ తింటే దురద పుడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని అన్నీ మాన్పించి చారన్నం పెడతారు. ప్రేమతోనే చేస్తారు. కానీ గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు సరిగ్గా ఆ మాన్పించిన పప్పు, గుడ్డులోనే ఎక్కువగా ఉన్నాయి. పప్పు వల్ల చీము పట్టదు, సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది. వంకాయ మీకు మామూలుగా పడుతుంటే ఇప్పుడూ పడుతుంది. పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర, జామపండు హాయిగా తినండి. షుగర్ ఉన్నవాళ్ళు ఈ రోజుల్లో దాన్ని అదుపులో ఉంచుకోవాలి, లేకపోతే గాయం ఆలస్యంగా మానుతుంది, ఇన్ఫెక్షన్ కూడా త్వరగా వస్తుంది. సిగరెట్ తాగేవాళ్ళు మానేయాల్సిందే, దానివల్ల చర్మానికి రక్తం సరిగ్గా అందదు.

ఒక్క ప్రమాదం గురించి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా మొదటి 24 గంటల్లో, ఒక కన్ను విపరీతంగా నొప్పి పుట్టి, రెప్ప రాయిలా గట్టిపడి, కనుగుడ్డు ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉండి, చూపు మసకబారితే అది కంటి వెనక రక్తం చేరుతున్న సూచన కావచ్చు. అర్ధరాత్రైనా సరే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి. తెల్లారనిద్దాం అనుకుంటే చూపు పోవచ్చు.

మీది ఏ రకం మచ్చ?

కుట్లు తీశాక, పెచ్చులన్నీ రాలిపోయాక, మంచి వెలుతురులో నింపాదిగా చూసుకోండి.

గీత ఎర్రగానో గులాబీ రంగులోనో ఉంటే అది ఇంకా మానుతున్న మచ్చ. మూడు నెలల లోపు దీనికి ఎండ నుంచి రక్షణ, సిలికోన్ జెల్ తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఆరు నెలలు దాటినా ఎరుపు అలాగే ఉంటే అప్పుడు లేజర్ మాట ఆలోచించవచ్చు.

గీత చుట్టూ గోధుమ రంగుగానో నల్లగానో మారితే అది మన చర్మపు తత్వం. చామనఛాయ, నలుపు రంగు వాళ్ళకి దోమ కుట్టినా, మొటిమ వచ్చినా నల్ల మచ్చ మిగలడం చూస్తూనే ఉంటాం. గాయమైన చోట చర్మం రంగును ఎక్కువగా తయారుచేస్తుంది, ఎండ తగిలితే ఇంకా ఎక్కువ చేస్తుంది. విదేశీ వీడియోల్లో తెల్లటి చర్మం వాళ్ళు చెప్పే సలహాలు మనకి అక్షరాలా వర్తించకపోవడానికి కారణం ఇదే: వాళ్ళ ప్రధాన సమస్య ఎరుపు, మనది నలుపు. ఇది నెలల తరబడి నెమ్మదిగా తగ్గుతుంది. పోగొట్టాలని రుద్దితే ఆ రాపిడికే మళ్ళీ నల్లబడుతుంది.

గీత పొడవునా ఆవగింజ కంటే చిన్నవిగా, తెల్లగా, గట్టిగా గింజలు కనిపిస్తే వాటిని మిలియా అంటారు. చర్మపు పొర లోపల చిక్కుకుపోయి కట్టిన చిన్న తిత్తులవి, చీము కాదు. గోళ్ళతో నొక్కినా రావు, పైగా కొత్త గాయమవుతుంది. కొన్ని వాటంతటవే పోతాయి. పోనివాటిని డాక్టర్ శుభ్రమైన సూది మొనతో తెరిచి క్షణంలో తీసేస్తారు. రెప్ప మచ్చల్లో ఇంత సులువుగా తీరే సమస్య ఇంకోటి లేదు, దీన్ని పట్టుకుని నెలల తరబడి బాధపడకండి. గింజ ఎర్రగా ఉండి, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే లోపల దారం ముక్క మిగిలి ఉండవచ్చు. దారం కొస బయటికి కనిపించినా మీరు లాగవద్దు, వెళ్ళి చూపించండి.

గీత ఉబ్బెత్తుగా, గట్టిగా ఉంటే మూడు నెలల వరకు మసాజ్, సిలికోన్‌తో చూడండి. తగ్గకుండా పెరుగుతూ ఉంటే డాక్టర్‌ని కలవాలి.

ముక్కు వైపు, కంటి లోపలి మూలలో చర్మం ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తీగ లాగినట్టు మడతగా నిలబడితే అది వేరే సంగతి. కోత లోపలి మూలకి మరీ దగ్గరగా వెళ్ళినప్పుడు, మానుతూ కుంచించుకుపోయేటప్పుడు ఇలా అవుతుంది. కొద్దిపాటిదైతే నెలల్లో మెత్తబడుతుంది, లేకపోతే చిన్న దిద్దుబాటు ఆపరేషన్ కావాలి. ఎన్ని క్రీములు రాసినా ఇది పోదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెబుతున్నాను. కింది రెప్ప కిందికి లాగినట్టై కనుగుడ్డు కింద తెలుపు ఎక్కువ కనిపించడం, రెప్ప కంటిని అంటకుండా ఎడంగా ఉండటం, ఎప్పుడూ నీరు కారడం, నిద్రలో కన్ను పూర్తిగా మూతపడకపోవడం, పొద్దున లేచేసరికి కంట్లో ఇసుక పడ్డట్టు గరగరలాడటం. వీటిలో ఏదున్నా అది అందం గురించిన సమస్యగా చూడకండి. నల్లగుడ్డు ఆరిపోయి పుండు పడవచ్చు. పడుకున్నాక ఇంట్లో వాళ్ళని ఒకసారి టార్చ్ వెలుగులో చూడమనండి, రెప్పల మధ్య సందు కనిపిస్తే తొందరగా చూపించుకోండి. అప్పటిదాకా వాడాల్సిన కన్నీటి చుక్కలు, రాత్రి వేసుకునే జెల్ గురించి ఫోన్‌లోనైనా అడగండి.

రెండు కళ్ళ మడతలు ఒక ఎత్తులో లేవనిపిస్తే మూడు నెలలు ఆగండి. వాపు రెండు వైపులా ఒకేలా తగ్గదు, మీరు ఒత్తిగిలి పడుకునే వైపు ఇంకాస్త ఆలస్యమవుతుంది.

రెండు వారాల తర్వాత రోజూ చేయాల్సినవి

ఎండ విషయం ముందు చెప్పాలి, ఎందుకంటే మన ఎండల్లో ఇది ఒక్కటి వదిలేస్తే మిగతావన్నీ వృథా. గాయం పూర్తిగా మూసుకున్నాక ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన ఉన్న సన్‌స్క్రీన్ వాడండి. కంటి దగ్గర జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న రకాలు తక్కువ మండుతాయి. మన చర్మాన్ని నల్లబరచడంలో కంటికి కనిపించే మామూలు వెలుతురుకి కూడా పాత్ర ఉంది, అందుకని ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ అయితే ఇంకా మంచిది. చెమటకి కారి కంట్లోకి పోయే లోషన్ కంటే కర్రలా గీసుకునే స్టిక్ రకం నయం. రెప్ప వెంట్రుకల అంచు దాకా రాయకండి, ఎముక మీద వరకు చాలు. మిగతా పని పక్కలు కూడా మూసే యూవీ 400 కళ్ళజోడు, గొడుగు చూసుకుంటాయి. బండి మీద వెళ్ళేవాళ్ళకి హెల్మెట్ అద్దం దించుకోవడం ఎండకీ, దుమ్ముకీ రెండింటికీ పనికొస్తుంది.

తర్వాత సిలికోన్. మచ్చల కోసం వాడే వాటిలో కాస్త నమ్మదగిన ఆధారం ఉన్నది దీనికే. మచ్చలోని తేమ ఆరిపోకుండా కాపాడటం ద్వారా అది పనిచేస్తుంది. రెప్ప ఎప్పుడూ కదులుతూ ఉంటుంది కాబట్టి పట్టీ నిలవదు, జెల్ కావాలి. కొనేముందు కళ్ళ దగ్గర వాడొచ్చా అని మీ సర్జన్‌ని అడగండి, కొన్నిటిమీద వాడొద్దనే రాసి ఉంటుంది. అనుమతిస్తే బియ్యపు గింజంత తీసుకుని, కన్ను మూసి, బయటి మూల గీత మీద పలుచగా అద్ది, కొన్ని నిమిషాలు ఆరనివ్వండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, కనీసం రెండు మూడు నెలలు. దళసరిగా పట్టిస్తే ఎక్కువ పనిచేయదు, కంట్లోకి జారుతుంది. సన్‌స్క్రీన్ రాయాలంటే జెల్ ఆరాక దాని మీద రాయండి.

మసాజ్ సంగతి డాక్టర్ సరే అన్నాకే మొదలుపెట్టాలి, సాధారణంగా రెండు మూడు వారాల తర్వాత చెబుతారు. చేతులు సబ్బుతో కడుక్కోండి, గోళ్ళు కత్తిరించుకోండి. కన్ను మూసి, ఉంగరపు వేలి కొసను గీత మీద పెట్టి, కింద ఎముక ఉన్న చోట మాత్రమే మెత్తగా అదిమి, కొన్ని సెకన్లు ఉంచి, కొద్దిగా పైకీ కిందికీ కదపండి. వేలు చర్మం మీద జారకూడదు, చర్మమే వేలితో పాటు కదలాలి. కింది రెప్పకైతే వేలు ఎప్పుడూ పైకీ, బయటి మూల వైపుకీ పోవాలి, కిందికి లాగనే కూడదు. రోజుకి రెండు మూడుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు చాలు. కనుగుడ్డు మీద అస్సలు ఒత్తిడి పడకూడదు. గ్లకోమా (నీటికాసులు) ఉన్నవాళ్ళు, ఈమధ్యే కంటి శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళు ఆ సంగతి చెప్పకుండా మసాజ్ మొదలుపెట్టవద్దు.

ఈ కొన్ని నెలలు రెప్పల దగ్గర బ్లీచ్, ఫేషియల్ చేయించకండి. కనుబొమ్మల త్రెడింగ్‌లో రెప్పని లాగి పట్టుకుంటారు, దానికీ డాక్టర్ ఒప్పుకున్నాకే వెళ్ళండి.

షాపు ట్యూబులు, వంటింటి మందులు

ఇక్కడ కాస్త గట్టిగా చెప్పాలి. మన దగ్గర మచ్చ అనగానే చేతికొచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. డబ్బా మీద చిన్న అక్షరాల్లో బీటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్ అని ఉందేమో చూడండి. కొన్నిటిలో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా కలిపి ఉంటాయి. రాసిన కొద్ది రోజులకే ఎరుపు తగ్గి రంగు తేలుతుంది, అందుకే జనం నమ్ముతారు. వారాలు గడిచేకొద్దీ అసలే పలుచగా ఉన్న రెప్ప చర్మం ఇంకా పలుచబడి, రక్తనాళాలు బయటపడి, మానేయగానే మంటా ఎరుపూ రెట్టింపవుతాయి. అంతకంటే భయంకరమైనది, రెప్ప మీద ఎక్కువకాలం స్టెరాయిడ్ రాస్తే కంటిలో ఒత్తిడి పెరిగి గ్లకోమా రావచ్చు, శుక్లం రావచ్చు. గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి క్రీములను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మేలా షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు. మీరు అడగకండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆపరేషన్ అయ్యాక సర్జన్ ఇచ్చే ఆయింట్‌మెంట్‌లో కూడా కొన్నిసార్లు కొద్దిగా స్టెరాయిడ్ ఉంటుంది. వారం పది రోజులకి అది మంచిదే. అది బాగా పనిచేసిందని అదే పేరు చెప్పి ట్యూబ్ మీద ట్యూబ్ కొనుక్కుని నెలల తరబడి రాయడం ప్రమాదం. చీటీలో ఎన్ని రోజులు రాశారో అన్ని రోజులే.

విటమిన్ ఇ గురించి 1999లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. మచ్చ రూపంలో అది మేలేమీ చేయలేదు, వాడినవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి చర్మం ఎర్రబడి దద్దుర్లు వచ్చాయి. నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్ల మరకలు పడతాయి. పసుపు, కలబంద, తేనె వంటివి వంటింట్లోంచి తెచ్చి పచ్చి గాయం మీద పెడితే ఇన్ఫెక్షన్‌కి దారి ఇచ్చినట్టే. కంట్లో ఆకు పసర్లు పోయడం గురించి చెప్పనే అక్కర్లేదు, దానివల్ల చూపు పోయినవాళ్ళు ఉన్నారు.

కనిపించకుండా చూసుకోవాలంటే

పెళ్ళో, ఇంటర్వ్యూనో ముందుంటే మచ్చ మానేదాకా ఆగలేం కదా. గాయం పూర్తిగా మూసుకుని, డాక్టర్ సరేనన్నాక మేకప్ వాడొచ్చు. ఎరుపు కప్పడానికి లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న కరెక్టర్, నలుపు కప్పడానికి మన రంగుకి నారింజ ఛాయ కరెక్టర్, దానిమీద చర్మం రంగు కన్సీలర్. వేలితో అద్దాలి తప్ప రాయకూడదు. రాత్రి తీసేటప్పుడు దూదిని తడిపి కాసేపు ఆనించి ఉంచితే దానంతటదే వదులుతుంది, రుద్దడం వద్దు.

కాటుకకి మాత్రం తొందరపడకండి. పచ్చి గాయంలోకి నలుపు దిగితే పచ్చబొట్టులా అక్కడే ఉండిపోతుంది. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు పాత డబ్బీ పారేసి కొత్తది తెచ్చుకోండి.

నాకు తెలిసినంతలో అన్నిటికంటే తేలిక ఉపాయం కళ్ళజోడు. పై అంచు కాస్త మందంగా, ముదురు రంగులో ఉన్న ఫ్రేమ్ రెప్ప మడతని, బయటి మూలని రెంటినీ మరుగుచేస్తుంది. పవర్ లేకపోయినా మామూలు అద్దాలు వేయించుకోవచ్చు.

చుట్టాలు అడుగుతారు. "కంటికేమైందే?" అని అత్తయ్య నలుగురిలో అడిగితే దాచాల్సిన తప్పేమీ చేయలేదు కాబట్టి, "రెప్పకి చిన్న ఆపరేషన్ అయింది అత్తయ్యా, మానుతోంది" అంటే చాలు. అంతకుమించి వివరం చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. అద్దం చూసుకోవడానికే భయమేసి, బయటికి వెళ్ళడం మానేసి, నిద్రపట్టని స్థితి వస్తే మాత్రం ఆ మాట సర్జన్‌తోనే నేరుగా చెప్పండి, మానసిక వైద్యుల సాయం కూడా తీసుకోండి. మచ్చ చిన్నదే కదా అని మీ బాధని చిన్నచేసుకోకండి.

చికిత్సలు, వాటి సమయం

మూడు నెలలు దాటినా మచ్చ ఉబ్బుగానే ఉంటే ట్రైయామ్‌సినొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చాలా కొద్ది మోతాదులో ఇస్తారు, కొన్నిసార్లు 5-ఫ్లోరోయురాసిల్ అనే మందు వాడతారు. కంటి దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ వల్ల చర్మం పలుచబడవచ్చు, తెల్ల మచ్చ పడవచ్చు, చాలా అరుదుగా మందు రక్తనాళంలోకి పోయి చూపు పోవచ్చు. కాబట్టి ఇది బ్యూటీ క్లినిక్‌లో చేయించుకునేది కాదు, కంటి ప్లాస్టిక్ సర్జరీ చేసేవాళ్ళ చేతిలోనే జరగాలి.

ఎరుపు తగ్గకపోతే పల్స్‌డ్ డై లేజర్, ఎగుడుదిగుడుగా ఉంటే ఫ్రాక్షనల్ లేజర్ వాడతారు. మన రంగు చర్మానికి లేజర్ తర్వాత నల్లబడే ప్రమాదం ఎక్కువ, కాబట్టి తక్కువ పవర్‌తో మొదలుపెట్టాలి, ముందు చిన్న చోట చేసి చూడాలి. ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "లేజర్ చేసేటప్పుడు రెప్ప లోపల లోహపు కవచం పెడతారా?" రెప్ప మీదే లేజర్ చేస్తూ కేవలం పైన గాగుల్స్ పెడతామనే చోటి నుంచి లేచి వచ్చేయండి.

మచ్చ కోసి మళ్ళీ కుట్టే ఆపరేషన్‌కి కనీసం ఆరు నెలలు, చాలాసార్లు ఏడాది ఆగమంటారు. మచ్చ ఇంకా గట్టిగా ఉండగా కోస్తే మళ్ళీ అలాగే మానుతుంది. ఇంకో పరిమితి కూడా ఉంది: కన్ను సరిగ్గా మూతపడాలంటే కనుబొమ్మ నుంచి రెప్ప అంచు దాకా దాదాపు 20 మిల్లీమీటర్ల చర్మం మిగిలి ఉండాలి. మొదటి ఆపరేషన్‌లోనే చర్మం తీసేసి ఉంటే, మచ్చ కోసం ఇంకొంచెం తీయడానికి చోటు ఉండకపోవచ్చు. లోపలి మూల మడతకి జెడ్-ప్లాస్టీ అనే పద్ధతిలో చర్మాన్ని తిప్పి కుడతారు. కన్ను మూతపడకపోవడం, నల్లగుడ్డుకి ప్రమాదం ఉండటం వంటివి ఉంటే ఈ ఆరు నెలల లెక్క వర్తించదు, ముందే చేయాల్సి రావచ్చు.

మీ ఆపరేషన్ రెప్ప మీది గడ్డ కోసం జరిగి ఉంటే, మచ్చ మీద కానీ పక్కన కానీ కొత్త గింజ, పుండు, వెంట్రుకలు రాలిపోవడం కనిపించినప్పుడు మచ్చేలే అనుకోకండి. గడ్డ తిరిగి వస్తోందేమో పరీక్ష చేయాలి. పాత బయాప్సీ రిపోర్ట్ జాగ్రత్తగా దాచుకోండి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఏం తీసుకెళ్ళాలి

ముందు ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే వెళ్ళండి, లోపల ఏం చేశారో వాళ్ళకే తెలుసు. అక్కడ సమాధానం దొరకకపోతే ఆక్యులోప్లాస్టీ నిపుణుల రెండో అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు. వీళ్ళు కంటి వైద్యం చదివి, ఆపైన రెప్పల ఆపరేషన్లలో శిక్షణ పొందినవాళ్ళు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. ప్రభుత్వ వైద్యం కావాలనుకునేవాళ్ళు మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో, విశాఖపట్నంలో అయితే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో అడగవచ్చు.

వెళ్ళేటప్పుడు డిశ్చార్జ్ కాగితం, ఆపరేషన్ నోట్స్, ఆపరేషన్‌కి ముందు తీసిన ఫొటోలు, మీరు నెలనెలా తీసిన ఫొటోలు, ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ ఒక కవర్‌లో వేసుకెళ్ళండి. షాపులో కొన్నవి కూడా దాచకుండా చూపించండి. అడగాల్సినవి ముందే కాగితం మీద రాసుకోండి: ఇది ఏ రకం మచ్చ? దానంతటదే ఇంకా ఎంత తగ్గుతుంది? చికిత్స చేస్తే ఎంత మారుతుంది, చేయకపోతే ఏమవుతుంది? నల్లబడే ప్రమాదం ఎంత? నా చర్మం రంగు ఉన్నవాళ్ళకి మీరు చేసిన చికిత్సల ఫొటోలు చూపిస్తారా? మళ్ళీ ఎప్పుడు రావాలి?